కళాయి నూర్ అహ్మద్ చూపించిన ఊరు

మా పుంగనూరుకు చరిత్ర పోయిన ఏడాది జూన్ నెలలో వచ్చింది. అంతకు ముందు మాకు దుమ్ము ఉండేది, రోజు విడిచి రోజు కొళాయి నీళ్లు ఉండేవి, కోట కూడా ఉండేది కానీ దాన్ని తలెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. జూన్‌లో తేజ అనే అమ్మాయి కుప్పం నుంచి వచ్చి, కోట వెనక వీధిలో నిలబడి, కూలడానికి సిద్ధంగా ఉన్న ఒక తలుపును చూసి "వావ్" అంది. ఆ పూట నుంచి మాది చారిత్రక పట్టణం.

ఆదివారం పొద్దున బెంగళూరు జనాన్ని పిలుచుకొచ్చి, పాత ఊళ్లలో నడిపించి చూపించడం ఆ అమ్మాయి వ్యాపారం. ఆ సందుల్లో నడవడానికి దుడ్డు కట్టి మరీ వస్తారట! అవే సందుల్లో నేను అరవై ఆరేళ్లుగా ఊరికే నడుస్తున్నాను, ఒక్కడైనా ఫోటో తీసిన పాపాన పోలేదు. వచ్చినవాళ్లు ఎక్కువగా తలుపుల ముందర నిలబడి ఫోటోలు దిగుతారు. వాళ్ల ఇళ్లకు తలుపులు లేవో ఏమో, పాపం.

నడకకు ఒక గైడు కావాలని తేజ అడిగినప్పుడు ఊరంతా నా వైపు చూసింది. అబద్ధం ఎందుకు, నన్ను నేనే చూపించుకున్నాను. నా పేరు ప్రకాష్ బాబు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. పద్నాలుగు పేజీల స్క్రిప్టు రాసుకుని, టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయిని నిలబెట్టి చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీ దగ్గర ఆమె ఆవులింత ఆపుకోవడం నా కంట పడింది.

"శానా బాగుండాది అంకుల్," అంది. "కానీ క్లాసు మాదిరి ఉండాది. వాళ్లు ఆదివారం కూడా క్లాసుకు రారు కదా."

సరిగ్గా అప్పుడే నూర్ అహ్మద్ సైకిలు తోసుకుంటూ ఆ దారిన వచ్చాడు. ఎదురింటి గడపలో కూర్చున్న రంగనాయకమ్మ ఒక ఇత్తడి చెంబు పైకెత్తి, "నూరూ, ఇది కారతాండాది, సూడప్పా. మా అత్త కాలం చెంబు," అని కేక వేసింది.

వాడు సైకిలు కూడా ఆపలేదు. "అది మీ అత్తది కాదమ్మా. మీ అత్తది మీ ఆడబిడ్డ తీసకపొయింది, తొంభై రెండులో. ఇది మీరు తిరణాల్లో కొన్నది. దాని అడుగు ఎప్పుడూ అంతే," అన్నాడు.

రంగనాయకమ్మ నోరు మూసుకుంది. తేజ నోరు తెరుచుకుంది. నా పద్నాలుగు పేజీలు నా చేతిలోనే ఉండిపోయాయి, గైడు పని మాత్రం ఆ సైకిలు వెనకే వెళ్లిపోయింది.

ఇంతకీ ఈ మహానుభావుడు ఎవరంటే, కళాయి నూర్ అహ్మద్. వయసు నాదే. చదువు అయిదో తరగతి, అదీ పూర్తి కాలేదు. వాళ్ల నాయన ఇంటింటికీ తిరిగి ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసేవాడు. నాయన పోయాక కొలిమి తిత్తి వీడి చేతికి వచ్చింది. వీధి మధ్యలో చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, గిన్నె ఎర్రగా కాలాక నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిచేవాడు. నల్లటి గిన్నె లోపల తెల్లగా మెరిసిపోయేది. తెల్లటి పొగ వీధంతా కమ్మి అందరం దగ్గేవాళ్లం. పిల్లలు మాత్రం ముక్కు మూసుకుని అక్కడే నిలబడేవాళ్లు.

కళాయితో పాటు వాడికి ఇంకో పని ఉండేది. కొత్త సామాను మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టడం. మా వైపు పెళ్లికి ఇచ్చిన బిందెకు, తద్దినానికి కొన్న పళ్లేనికి, చివరికి పాల గ్లాసుకు కూడా పేరు కొట్టించాల్సిందే. ఓటరు లిస్టులో లేని ఆడవాళ్ల పేర్లు కూడా గిన్నెల మీద ఉండేవి. ఆ పేర్లన్నీ కొట్టినవాడు నూర్ అహ్మదే. ఎవరింట్లో ఎవరి పేరు ఏ గిన్నె మీద ఉందో, ఆ గిన్నె ఇప్పుడు ఎవరింట్లో ఉందో వాడికి తెలుసు.

తర్వాత స్టీలు వచ్చింది, నాన్‌స్టిక్ వచ్చింది, కళాయి అంటే ఏమిటో అడిగే కోడళ్లు వచ్చారు. నూర్ అహ్మద్ తిత్తి అటక ఎక్కింది. ఇప్పుడు వాడు రోజూ రెండు బస్సులు మారి, మదనపల్లె దాటి, అంగళ్లు దగ్గర ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ చొక్కా వేసుకుని నిలబడతాడు. పని కష్టమని వాడు ఏనాడూ అనలేదు. వాడి బాధ వేరే.

"నేను పోని వంటిల్లు ఈ ఊళ్లో లేదు సారూ," అన్నాడు నాతో ఒకసారి. "కళాయి అని కేకేస్తే లోపల దాకా రమ్మనేవాళ్లు. ఈడ దినామూ వెయ్యి మంది నా ముందర పోతారు. ఒక్కడు తలకాయెత్తి సూడడు. ఆ యమ్మి కార్డు ఇస్తే సాలు సారూ, ఈ గేటు ఇడిసిపెట్టేస్తా. మళ్ల మన వీధుల్లో తిరగతా."

కార్డంటే గైడు కార్డు. నీలం రిబ్బను, ప్లాస్టిక్ కవరు, ఫోటో. ముందు ఒక ఆదివారం అతిథులను నడిపించి చూపించాలి. తర్వాత తేజ ఒక సంతకం, ఉమాపతి ఒక సంతకం పెడితే కార్డు వస్తుంది. ఉమాపతి ఎందుకంటే, బండ్లు ఆపేది ఆయన పెరట్లో, అతిథులు బాత్‌రూముకు పోయేది ఆయన ఇంట్లో. చరిత్ర ఎంత గొప్పదైనా రెండు గంటల నడకలో బాత్‌రూం కావాలి కదా! ఉమాపతి వాళ్ల తాత చింతపండు వ్యాపారి. ఆ సంగతి ఉమాపతికి తప్ప ఊరికంతా తెలుసు. ఇప్పుడు ఆ ఇంటికి 'రాజ విడిది' అని బోర్డు పెట్టి, లోపల కాఫీ అమ్ముతున్నాడు.

తేజ నన్ను ఊరికే పంపేయలేదు. స్క్రిప్టు నాది, చెప్పేది నూర్ అహ్మద్ అని రాజీ కుదిర్చింది. వారం రోజులు సాయంత్రం పూట వాడిని మా ఇంట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. వాడు ఎంత బుద్ధిగా విన్నాడంటే, ముప్పై నాలుగేళ్లలో నాకు అలాంటి విద్యార్థి దొరకలేదు. అప్పగించమంటే మాత్రం ఒక్క సంవత్సరం సరిగ్గా వచ్చేది కాదు. జమీందార్లు వరస తప్పేవాళ్లు. మనవడు తాతకు ముందు పుట్టేవాడు.

"వాళ్ల గిన్నెలు నేను సూడలేదు గదా సారూ," అనేవాడు తల గోక్కుంటూ. "సూడనోళ్ల గురించి యాల సెప్పాల?"

"గిన్నెలు చూస్తేనే మనుషులు తెలుస్తారా?" అని కసిరాను.

"తెలుస్తారు," అన్నాడు.

ఈ గొడవలో నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. ఉమాపతి ఫోన్ చేసి, తన ఇంట్లో రాజుల కాలపు పెద్ద వంట అండా ఒకటి పెట్టానని, దాని గురించి నాలుగు మంచి మాటలు రాయమని చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు పదకొండో పేజీలో దించాను. అండా చూశానా అంటే చూడలేదు. పిల్లలకు నేను చెప్పిన పాఠాల్లో ఎన్నింటిని చూసి చెప్పాను కనక?

ఆదివారం రానే వచ్చింది. తొమ్మిది మంది దిగారు. అందరికీ టోపీలు, అందరి చేతుల్లో నీళ్ల సీసాలు. ఎడారి దాటబోతున్నారు అనుకున్నాను. నూర్ అహ్మద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డానికి గోరింటాకు పెట్టుకుని వచ్చాడు. నేను స్క్రిప్టు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, అందించడానికి.

మొదటి పేజీ మొదటి వాక్యం వాడికి గుర్తు రాలేదు. నేను అందించాను. వాడు అందుకోలేదు. చుట్టూ చూసి, కోట గోడను వదిలేసి, ఎదురుగా ఉన్న మిద్దె ఇల్లు చూపించాడు.

"ఈ ఇంట్లో అయిదు మంది కోడండ్లమ్మా. అయిదు మందికీ అన్నం వండే ఇత్తడి గుండ్లు ఉండె, పేర్లు నేనే కొట్టింటి. ఏడాదికొకసారి అయిదూ కళాయికి వచ్చేవి. నాలుగు నల్లగా వచ్చేవి. మూడో కోడలి గుండు మాత్రం నేను ఏసి పంపించినట్టే తెల్లగా తిరిగొచ్చేది."

"ఎందుకు?" అంది కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ.

"ఆయమ్మని పొయ్యి కాడికి రానిచ్చేవాళ్లు కాదు. పేద ఇంటి నుంచి వచ్చిందని. ఆరేండ్లమ్మా, ఆ గుండు కొత్తదే. ఏడో ఏడు అడుగు మాడిపోయి వచ్చింది. ఆ దినం నాకెంత సంతోషమాయనో! ఆయమ్మ దానికి కళాయి కూలి ఇస్తే నేను తీసుకోలే."

ఎవరూ ఫోటోలు తీయలేదు. అద్దాల ఆవిడ ఆ ఇంటి వైపు అలాగే చూస్తూ నిలబడింది. నేను గొంతు సవరించుకుని, "ఇకపోతే జమీందారు గారి పరిపాలనా విధానం..." అని రెండో పేజీ అందుకున్నాను.

"ఒక్క నిమిషం అంకుల్," అన్నాడు ఒక కుర్రాడు. "ఆయన్ని చెప్పనివ్వండి."

అలా ఉంది నా పరిస్థితి. తర్వాత మసీదు పక్క వీధిలో ఒక ఇంటి ముందు ఆగాడు. ఆ ఇంటాయన పట్టు చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదట. ఆ ఇంటి గిన్నెల్లో తగరం మాత్రం మూడు నెలలకే పోయేదట. "ఒట్టి చింతపండు చారుతో గడిపినారు సార్. పులుపు తగరాన్ని తినేస్తాది. వీధికి తెలీదు, నాకు తెలుసు. ఆయన పొయినాక సెప్తాండా, ముందెప్పుడూ సెప్పలే," అన్నాడు. ఒక్కో ఇంటి ముందర జనం వాడికి ఇంకా దగ్గరగా జరిగారు. నేను ఇంకా వెనక్కు జరిగాను. కుళ్లు కాదంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. తేజ మాత్రం నూర్ అహ్మద్ వైపు చూసి బొటనవేలు పైకెత్తింది. కార్డు వచ్చేసినట్టే అనుకున్నాం అందరం.

ఆఖరి మజిలీ ఉమాపతి గారి రాజ విడిది. హాలు మధ్యలో కొయ్య పీట, దాని చుట్టూ ఎర్ర తాడు, పైన దీపం. పీట మీద అండా. పక్కన బోర్డు, మాటలు నా పదకొండో పేజీవే: 'రాజావారి యుద్ధకాలపు అండా. వయసు మూడు వందల సంవత్సరాలు.'

దాన్ని చూడగానే గుర్తుపట్టాను. అది మా అమ్మది.

మా అమ్మ రెజీనా మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. రోజూ పుంగనూరు నుంచి బస్సులో పోయి వచ్చేది. ఆ జీతంలో మిగుల్చుకుని కొనుక్కున్న ఒకే ఒక పెద్ద వస్తువు ఆ ఇత్తడి అండా. పొట్ట మీద 'ఎ. రెజీనా' అని చుక్కల్లో పేరు. క్రిస్మస్ నాడు అందులో సేమ్యా పాయసం కాచి వీధి మొత్తానికి పంచేది. రెండు వేల ఒకటిలో నేను కొత్త ఇల్లు కట్టుకున్నాను. కొత్త వంటింట్లో ఆ అండా పెట్టడానికి చోటు లేదని నా భార్య అంది, నాకూ అలాగే అనిపించింది. పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇస్తామని ఒక కొట్టువాడు బోర్డు పెట్టాడు. అమ్మ బతికుండగా అమ్మ పేరున్న అండా కొట్టు ముందర బోర్లించి ఉంటే ఊరు ఏమంటుంది? అందుకని ముందు దాన్ని నూర్ అహ్మద్ దగ్గరికి తీసుకెళ్లి పేరు గీకించాను. పరువు కాపాడుకోవడంలో నేను మొదటి నుంచీ జాగ్రత్తపరుణ్ణి.

అమ్మకు మాత్రం అండా కళాయికి పోయిందని చెప్పాను. ఆమె ఇంకో అయిదేళ్లు బతికింది. నూర్ అహ్మద్ మా వీధిలోకి వచ్చినప్పుడల్లా, "నూరూ, నా అండా అయ్యిందా?" అని వాకిట్లోంచి అడిగేది. వాడు ఒక్కోసారి ఒక్కో సాకు చెప్పేవాడు. తగరం రాలేదమ్మా. తిత్తి చినిగిందమ్మా. వానలమ్మా, బొగ్గులు తడిసినాయి. అయిదేళ్లు వాడు నా అబద్ధాన్ని మోశాడు, ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. నేను లోపల గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేవాణ్ణి.

ఆ కొట్టు నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఆ అండా ఇప్పుడు దీపం కింద మెరుస్తోంది. అద్దాల ఆవిడ ఎర్ర తాడు మీదుగా వంగి, "ఇక్కడ ఏదో గీకేసినట్టు ఉందే?" అని అడిగింది.

"రాజముద్ర మేడమ్," అన్నాడు ఉమాపతి, గొంతులో రాజసం తెచ్చుకుని. "తెల్లోళ్లు గీకేసినారు."

"లోపల ఈ నల్ల మచ్చ?"

"మందుగుండు. యుద్ధంలో దీంట్లోనే కాచినారు."

మందుగుండు పొయ్యి మీద పెట్టి కాచిన సైన్యం గెలిచిందో లేదో ఎవరూ అడగలేదు. తేజ నూర్ అహ్మద్ వైపు తిరిగి, "మీరు సెప్పండి అంకుల్. గిన్నెల సంగతి మీకే కదా తెలిసేది," అంది.

నూర్ అహ్మద్ ముందుకు వెళ్లి అండా లోపల చేయి పెట్టాడు. వేళ్లతో ఆ మచ్చను తడిమాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను పైకి ఫ్యాను వైపు చూశాను. అది ఏ కంపెనీ ఫ్యానో ఈ రోజుకీ చెప్పగలను.

"ఇది రాజులది కాదమ్మా," అన్నాడు మెల్లగా. "యాభై ఏండ్ల అండా. ఆడ ఉండింది ముద్ర కాదు, ఒక తల్లి పేరు. గీకింది తెల్లోళ్లు కాదు. నేనే."

ఉమాపతి ముఖం కందగడ్డలా అయింది. "ఎవురి పేరప్పా? ఎవురు గీకమన్నారు నిన్ను?"

"అది నేను సెప్పేది కాదు. గీకమన్నోళ్లు సెప్పుకోవాల."

"పేరు సెప్పలేడంట, సాక్ష్యం లేదంట, నా ఇంట్లో నిలబడి నా సొత్తు నకిలీదంటాడు!" అని ఉమాపతి గట్టిగా నవ్వి నా వైపు తిరిగాడు. "ప్రకాష్ సార్, మీరు సదువుకున్నోళ్లు. మీ స్క్రిప్టులో ఏముండాదో అందరికీ సదివి వినిపించండి."

తొమ్మిది టోపీలు నా వైపు తిరిగాయి. నూర్ అహ్మద్ మాత్రం అండా వైపే చూస్తున్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, పదకొండో పేజీ తీసి, చదివాను. రాజావారి అండా, మూడు వందల ఏళ్లు, యుద్ధం, అన్నీ చదివాను. ఉచ్చారణ దోషం ఒక్కటి కూడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉమాపతి సంతకం పెట్టలేదు. పెట్టకపోతే పోనీ అనడానికి తేజ దగ్గర వేరే పెరడు లేదు, వేరే బాత్‌రూం లేదు. ముఖం చిన్నబుచ్చుకుని, "ప్రస్తుతానికి మీరే చేయండి అంకుల్," అని కార్డు నా ఫోటోతో చేయించి పంపింది. వద్దనలేదు నేను. పిల్ల అంత ప్రేమగా ఇస్తే వద్దంటే ఏం మర్యాద?

బుధవారం మధ్యాహ్నం బస్సెక్కి అంగళ్లు పోయాను. పరామర్శకు అనుకున్నాను. గేటు దగ్గర నూర్ అహ్మద్ వదులుగా వేలాడే సెక్యూరిటీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఐడీ కార్డు సూపియ్యి సార్. లేకుంటే లోపలికి ఇడిసేది లేదు."

జేబులో గైడు కార్డు ఉంది. తీయలేకపోయాను. వాడే కుర్చీ నా వైపు జరిపి, సీసాలో నీళ్లు ఇచ్చాడు. నేను ఏదేదో మొదలుపెట్టాను. పరిస్థితి అలా వచ్చిందనీ, అందరి ముందర ఎలా చెప్పడమనీ.

"నేను నీ పేరు సెప్పలే గదా సారూ," అన్నాడు. కోపం లేదు గొంతులో, ఉన్నా బాగుండేది. "నేను నోరు మూసుకుంటి. నువ్వూ మూసుకొని ఉంటే సరిపోయేది. యాల సదివినావు?"

నేను నీళ్ల సీసా మూత బిగించి వాడికి తిరిగిచ్చాను. "ఆ మచ్చ చూసి గుర్తుపట్టావా?" అని అడిగాను, మాట మార్చడానికి.

"గుర్తుపట్టకేం? ఎనభైలో క్రిస్మస్ దినం అమ్మ చర్చికి పోతా, పాయసం కలబెట్టమని నిన్ను కూసోబెట్టింది. నువ్వు బీఎడ్ పుస్తకం సదువుకుంటా మాడిస్తివి. అంత సోట ఇత్తడి కాలిపొయింది. ఎన్నిసార్లు ఏసినా ఆడ తగరం పట్టలే. యుద్ధమంట, మందుగుండంట!" అని పకపకా నవ్వి, మళ్లీ గొంతు తగ్గించాడు. "సారూ, ఒగ మాట సెప్తా. అమ్మకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అండా పొయిందని. నువ్వు మార్చిన నెలకే కొట్టు కాడ దాన్ని సూసింది. పేరు లేకపోయినా లోపల మాడు సూసి పట్టేసింది. నేరుగా నా కాడికొచ్చి, 'నేను సూసినట్టు వాడికి సెప్పబాకు నూరూ' అనింది."

"మరి అయిదేళ్లు నిన్ను అడుగుతూనే ఉంది కదరా!"

"ఎప్పుడడిగేది? నువ్వు ఇంట్లో ఉండేటప్పుడు. నువ్వు ఇస్కూలుకు పొయినప్పుడు ఒక్కసారి కూడా అడగలే. టీ ఇచ్చి, మోకాళ్ల నొప్పులు సెప్పుకుని పంపించేది. నీ చెప్పులు వాకిట్లో కనబడితేనే, గొంతు పెద్దది సేసుకుని అడిగేది. అడిగి, నా మొకం సూసేది కాదు సారూ. నీ గది తలుపు సూసేది."

గేటులోంచి పిల్లలు గుంపుగా బయటికి వస్తున్నారు. ఒక్కడూ మా వైపు చూడలేదు, మంచిదే అయింది. అరవై ఆరేళ్ల మనిషి కాలేజీ గేటు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే చూడ్డానికి బాగుండదు. నూర్ అహ్మద్ టోపీ తీసి నాకు ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఆదివారం మెడలో కార్డు వేసుకుని పన్నెండు మందిని నడిపించాను. వాళ్లకు ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. రాజ విడిదిలో అండా ముందర నిలబడి, స్క్రిప్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఈ బోర్డు అబద్ధం, రాసింది నేనే," అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. అమ్మ పేరు, స్టీలు గిన్నెలు, గీకించడం, మాడిన పాయసం. ఉమాపతి మొదట దీపం ఆర్పాడు. తర్వాత మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు. తలుపు వేశాక కూడా నాకు ఆ అండా కనబడుతూనే ఉంది.

తేజ వీధిలోనే నా మెడలోంచి కార్డు తీసేసుకుంది. తిడుతుందనుకున్నాను. "బండ్లు యాడ పెట్టాల ఇప్పుడు?" అని మాత్రం అడిగింది. బండ్లు ఇప్పుడు మసీదు పక్క ఖాళీ జాగాలో ఆగుతున్నాయి. బాత్‌రూం మా ఇంట్లో. ఆ నెలాఖరుకు నూర్ అహ్మద్ సెక్యూరిటీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి కాలేజీలో అప్పగించి వచ్చాడు. నీలం రిబ్బను వాడి మెడలో ఉంది. ఫోటోలో గడ్డం ఎర్రగా పడింది.

నేను గుంపు వెనకాల నీళ్ల సీసాలు మోస్తూ నడుస్తాను. ఉమాపతి ఇంటి ముందర, మూసి ఉన్న తలుపు దగ్గర, నూర్ అహ్మద్ ఇప్పటికీ ఆగుతాడు. "లోపల ఒక అండా ఉండాది. దాని సంగతి మా సారు సెప్తాడు," అని పక్కకు జరుగుతాడు. పద్నాలుగు పేజీల్లో నాకు మిగిలింది ఆ ఒక్క చోటు.

"అది మా అమ్మ రెజీనాది. ఆమె బతికుండగానే, పేరు గీకించి, నేనే అమ్మేశాను," అంటాను. గట్టిగానే అంటాను. మా ఇంట్లో గదికీ వాకిలికీ మధ్య పది అడుగులు కూడా లేవు. అప్పుడు ఇందులో సగం గొంతుతో చెప్పినా ఆమెకు వినబడేది.